దీపస్తంభంలో రెండు రాత్రులు

మచిలీపట్నం దగ్గరి మంగినపూడి తీరానికి మా సంఘ యౌవనస్థులను తీసుకెళ్లినప్పుడల్లా చీకటి పడేవరకు ఆగుతాం. సముద్రం నల్లబడ్డాక లైట్‌హౌస్ వెలుగు తిరగడం చూడాలని పిల్లలకు ఆశ. ఒకసారి అలా ఇసుకలో కూర్చుని, దీపస్తంభం మీది దీపాన్ని గూర్చి ప్రభువు కొండమీది ప్రసంగంలో చెప్పిన మాటలను ధ్యానిస్తున్నాం. మధ్యలో ఒక కుర్రవాడు లేచి ప్రశ్న అడిగాడు. దీపం దూరం నుంచి దారి చూపిస్తుంది సరే, ఓడ మునిగిపోయాక అది ఏం చేస్తుంది అయ్యగారూ అన్నాడు.

ఆ పిల్లవాడిది దివిసీమ. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో వాళ్ల తాతగారి ఇంట్లో సగం మంది కొట్టుకుపోయారు. ఆ ఒక్క రోజున మన కృష్ణా డెల్టాలో సుమారు 10 వేల మంది ప్రాణాలు కోల్పోయారని మనకు తెలుసు. కాబట్టి అది ఊసుపోక అడిగిన ప్రశ్న కాదు. అప్పటికప్పుడు మాకు సరైన జవాబు తోచలేదు. తరువాత చాలా రోజులు ఆలోచించగా, ఆ జవాబు ఒక లైట్‌హౌస్ కాపరి కుమార్తె జీవితంలో కనిపించింది. ఆమె పేరు గ్రేస్ డార్లింగ్. గ్రేస్ అంటే కృప.

గ్రేస్ 1815 నవంబరు 24న ఇంగ్లండు ఈశాన్య తీరంలో, నార్తంబర్లండ్ ప్రాంతంలోని బాంబరో గ్రామంలో జన్మించింది. తల్లిదండ్రులు విలియం, థామసిన్. తొమ్మిది మంది బిడ్డల్లో ఆమె ఏడవది. ఆమె తాత, తండ్రి ఇద్దరూ ఆ ఊరికి ఎదురుగా సముద్రంలో ఉన్న ఫార్న్ దీవుల్లో దీపం కాపరులే. ఫార్న్ దీవులు మన కృష్ణా లంకల వంటివి కావు. పండించుకోవడానికి మెత్తని ఒండ్రు నేల అక్కడ లేదు. అవి నల్లని రాతి దిబ్బలు. కొన్ని పోటుకు మునిగి, ఆటుకు తేలుతుంటాయి. రాత్రివేళ వాటిమీదికి వచ్చిన ఓడ బతికి బయటపడటం కష్టం. ఏడవ శతాబ్దంలో కత్బర్ట్ అనే భక్తుడు ఆ దీవుల్లో ఒకదానిమీద ఒంటరిగా ప్రార్థనలో గడిపి, 687లో అక్కడే ప్రభువునందు నిద్రించాడు.

గ్రేస్ బాల్యం బ్రౌన్స్‌మన్ అనే దీవిలో గడిచింది. అక్కడ కొంచెం గడ్డి, చిన్న కూరగాయల తోట ఉండేవి. 1826లో లాంగ్‌స్టోన్ అనే మరో రాతిమీద కొత్త లైట్‌హౌస్ సిద్ధమైంది. ఆ కుటుంబం అక్కడికి మారింది. అప్పటికి ఆమెకు పదేళ్లు. లాంగ్‌స్టోన్ మీద గడ్డిపరక కూడా మొలవదు. కూరలు కావాలంటే పడవ వేసుకుని పాత దీవిలోని తోటకు వెళ్లి రావాలి. స్తంభంలో కింద ఒక గుండ్రని గది. వంట, భోజనం, చదువు, ప్రార్థన అన్నీ అందులోనే. చుట్టుమెట్లు ఎక్కితే ఒకదానిమీద ఒకటి పడకగదులు. అన్నిటికీ పైన దీపం.

బడి లేని ఆ దీవిలో తండ్రే ఉపాధ్యాయుడు. బైబిల్, భక్తిగ్రంథాలు, చరిత్ర, భూగోళం ఆయన బిడ్డలకు నేర్పించాడు. పేకముక్కలను ఇంటి గుమ్మం దాటనివ్వలేదు. అన్నిటికంటే ఎక్కువగా ఆయన నేర్పింది దీపం పని. పగలు అద్దాలు తుడవాలి, వెలుగును సముద్రంమీదికి మళ్లించే లోహపు పళ్లేలకు మెరుగు పెట్టాలి, వత్తులు కత్తిరించాలి, నూనె పోయాలి. రాత్రి ఎవరో ఒకరు మేలుకుని, దీపం ఆరకుండా, దాన్ని తిప్పే యంత్రం ఆగకుండా చూడాలి. అన్నలు, అక్కలు పెద్దవారై ఒక్కొక్కరే తీరానికి వెళ్లిపోగా గ్రేస్ తల్లిదండ్రులతో ఉండిపోయింది. లాంగ్‌స్టోన్‌కు వచ్చిన 12 ఏళ్లలో ఆ ఇంట్లో నాలుగు వేలకు పైగా రాత్రులు దీపం వెలిగింది. ఆ రాత్రుల గురించి ఏ పత్రికా రాయలేదు.

1838 సెప్టెంబరు 5 సాయంత్రం హల్ రేవు నుంచి ఫార్ఫర్‌షైర్ అనే ఆవిరి ఓడ స్కాట్లండులోని డండీకి బయలుదేరింది. అందులో సుమారు 60 మంది ఉన్నారు. దారిలో బాయిలర్లు కారడం మొదలైంది. మరునాటి రాత్రి తుఫాను గాలిలో ఇంజన్లు పూర్తిగా ఆగిపోయాయి. తెరచాపలు ఎత్తినా ఓడ మాట వినక దక్షిణానికి కొట్టుకుపోయింది. కెప్టెన్ ఫార్న్ దీవుల చాటుకు చేరాలని చూశాడు. దూరంగా కనిపించిన లాంగ్‌స్టోన్ దీపాన్ని ఆయన మరో దీవి దీపంగా పొరబడ్డాడని చెబుతారు. సెప్టెంబరు 7 తెల్లవారుజామున ఓడ బిగ్ హార్కర్ అనే రాతికి కొట్టుకుని రెండు ముక్కలైంది. వెనుక భాగం నిద్రపోతున్నవారితో సహా నిమిషాల్లో కొట్టుకుపోయింది. కెప్టెన్, ఆయన భార్య కూడా చనిపోయారు.

ఇక్కడ మనం ఒక్క క్షణం ఆగాలి. ఆ రాత్రి దీపం ఆరిపోలేదు. కాపరి నిద్రపోలేదు. వెలుగు ఇవ్వవలసిన చోట వెలుగు ఉంది. అయినా ఓడ మునిగింది. మంగినపూడిలో ఆ పిల్లవాడు అడిగిన ప్రశ్న సరిగ్గా ఇదే.

తెల్లవారుతుండగా 4:45 ప్రాంతంలో గ్రేస్ తన గది కిటికీ నుంచి రాతిమీద ఏదో నల్లని ఆకారాన్ని గమనించింది. తండ్రికి చెప్పింది. ఇద్దరూ దుర్భిణితో వెదికారు. అప్పుడు పోటు. మనుషులు కనబడలేదు. ఏడు గంటలకు నీరు తీసి, వెలుగు పెరిగాక, రాతిమీద కదులుతున్న మనుషులు కనిపించారు. తమ్ముడు హెర్రింగ్ చేపల వేటకు తీరానికి వెళ్లాడు. స్తంభంలో 52 ఏళ్ల తండ్రి, అరవై దాటిన తల్లి, 22 ఏళ్ల గ్రేస్ తప్ప ఎవరూ లేరు. ఉన్నది 21 అడుగుల చేపల పడవ. అంత సముద్రంలో దాన్ని నడపడానికి కనీసం ముగ్గురు మగవాళ్లు కావాలి.

భయపడిన తండ్రిని కూతురు ఏడ్చి బతిమాలి ఒప్పించిందని తరువాత కథలు రాశారు. విలియం స్వయంగా రాసిన నివేదికలో ఆ మాట లేదు. ఇద్దరూ కలిసి ఆలోచించి నిర్ణయించుకున్నట్టే ఆయన రాశాడు. అందులో మమ్మల్ని బాగా కదిలించిన సంగతి ఒకటి ఉంది. వెళ్లడం ఎలాగో తమ ఇద్దరివల్ల అవుతుంది గాని, తిరిగి రావడం కాదని వారికి ముందే తెలుసు. రాతిమీద ఉన్నవారిలో ఇద్దరు ముగ్గురైనా తెడ్డు పట్టగల స్థితిలో ఉంటేనే పడవ వెనక్కి వస్తుంది. లేకపోతే అందరితో పాటు వారూ పోతారు. అంటే రక్షించడానికి వెళ్తున్నవారే, రక్షింపబడవలసినవారి చేతుల మీద ఆధారపడి బయలుదేరారు.

తల్లి పడవను నీటిలోకి తోయడానికి సాయపడింది. నేరుగా వెళ్తే అలలు ముంచేస్తాయి గనుక దీవుల చాటున చుట్టూ తిరిగి, సుమారు మైలు దూరం తెడ్లు వేశారు. రాతి దగ్గరికి రాగానే తండ్రి దూకాడు. గ్రేస్ ఒంటరిగా రెండు తెడ్లూ పట్టుకుని, పడవ రాతికి కొట్టుకుని పగిలిపోకుండా ముందుకూ వెనక్కూ నడుపుతూ ఆపింది. ఆ కొద్ది నిమిషాలే ఆమె పేరును ప్రపంచమంతా మోశాయి. అయితే ఆ నైపుణ్యం ఆ ఉదయం వచ్చింది కాదు. కూరగాయల తోటకు పడవ వేసుకుని వెళ్లివచ్చిన ఏళ్లలో వచ్చింది.

రాతిమీద తొమ్మిది మంది బతికి ఉన్నారు. వారిలో ఒక్కతే స్త్రీ, సారా డాసన్. ఏడేళ్ల కొడుకునూ, ఐదేళ్ల కూతురునూ రాత్రంతా చేతుల్లో పట్టుకుని కూర్చుంది. ఇద్దరూ చలికి ఆ చేతుల్లోనే చనిపోయారు. వారి పక్కనే రెవ. జాన్ రాబ్ అనే సేవకుడు కూడా ప్రాణం విడిచాడు. మొదటిసారి సారాతో పాటు నలుగురు పురుషులను పడవలోకి ఎక్కించారు. విలియం లెక్క తప్పలేదు. వారిలో ఓపిక ఉన్న నావికులు తెడ్లు అందుకున్నారు. లైట్‌హౌస్ చేరాక గ్రేస్ ఇంటివద్ద ఉండిపోయింది. తండ్రి ఆ నావికుల సాయంతో మళ్లీ వెళ్లి మిగిలిన నలుగురినీ తెచ్చాడు. ఓడలోని చిన్న పడవలో ముందే తప్పించుకున్న మరో తొమ్మిది మందిని ఒక ఓడ కాపాడి షీల్డ్స్ రేవుకు చేర్చింది. మిగిలిన నలభై మందికి పైగా సముద్రంలో కలిసిపోయారు.

సాధారణంగా ఈ కథను ఇక్కడితో ముగిస్తారు. మాకైతే అసలు కథ ఇక్కడే మొదలైందనిపిస్తుంది. తుఫాను తగ్గలేదు. తీరానికి వెళ్లే దారి లేదు. ఇంతలో నార్త్ సండర్లండ్ గ్రామం నుంచి ఏడుగురు జాలరులు ప్రాణాలకు తెగించి పడవ వేసుకుని వచ్చారు. అందులో గ్రేస్ తమ్ముడు ఒకడు. వారు రాతి దగ్గరికి చేరేసరికి బతికినవారెవరూ అక్కడ లేరు. ఇద్దరు పిల్లల దేహాలను, సేవకుని దేహాన్ని అలలకు అందని ఎత్తుకు చేర్చి, తిరిగి వెళ్లలేక వారూ లాంగ్‌స్టోన్‌కే వచ్చారు.

ఇప్పుడు లెక్క చూడండి. ముగ్గురు ఉండే చోట 19 మంది. పడకలన్నీ ఓడనుంచి వచ్చినవారికి ఇచ్చేశారు. జాలరులు బయట, కట్టడం పనివారు వదిలి వెళ్లిన పాత పాకలో తడిబట్టలతో తలదాచుకున్నారు. శుక్రవారం రాత్రి, శనివారం రాత్రి అలాగే గడిచాయి. ఆదివారంనాడు గాని అందరూ తీరానికి చేరలేకపోయారు. ఆ రెండు రాత్రులూ తల్లీకూతుళ్లు పొయ్యి ఆర్పకుండా కాపాడారు. తడిబట్టలు మార్పించారు, గాయాలకు కట్లు కట్టారు, ఇంట్లో ఉన్నదాన్ని 19 మందికీ పంచారు. పైన దీపం మాత్రం ఎప్పటిలాగే వెలిగింది. ఎందుకంటే సముద్రంమీద ఇంకా ఓడలు ఉన్నాయి.

ఆ రాత్రుల్లో సారా డాసన్ ఏమి అడిగి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. ఓ పాస్టరుగా మేమూ అదే అడుగుతాం. ప్రభువా, ఆ తొమ్మిది మంది ఎందుకు బతికారు, ఆ ఇద్దరు పసివారు, ఆ సేవకుడు ఎందుకు బతకలేదు? దివిసీమలో కూడా ఎన్ని ఇళ్లలో ఈ ప్రశ్న మిగిలిపోయిందో మాకు తెలుసు. సెమినరీలో మేము చదివిన పుస్తకాల్లో దీనికి వాదనలున్నాయి గాని, బిడ్డలను పోగొట్టుకున్న తల్లి ముందు పెట్టదగిన జవాబు లేదు. గ్రేస్ దగ్గరా లేదు. ఆమె దగ్గర పొడిబట్ట, వేడి ఆహారం, పక్కన కూర్చోవడానికి సమయం ఉన్నాయి. ఆమె వాటినే ఇచ్చింది.

తరువాత వచ్చింది మరో రకమైన తుఫాను. వార్త పత్రికల్లోకి ఎక్కగానే ఇంగ్లండు అంతా ఆమె పేరే. అదే సంవత్సరం జూన్‌లో పట్టాభిషేకం జరిగిన విక్టోరియా రాణి 50 పౌండ్లు పంపింది. ప్రాణరక్షణకు ఇచ్చే పతకాలు తండ్రికీ కూతురికీ వచ్చాయి. ప్రజల చందాలు 700 పౌండ్లు దాటాయి. బొమ్మ గీస్తామంటూ డజనుకు పైగా చిత్రకారులు దీవికి వచ్చారు. తలవెంట్రుకలు, ఆ రోజు కట్టుకున్న బట్ట ముక్కలు పంపమని ఉత్తరాలు కుప్పలుగా వచ్చాయి. నాటకశాలల వారు, సర్కస్ వారు ప్రదర్శనలకు పిలిచారు. ఆమె వెళ్లలేదు. లైట్‌హౌస్ విడిచి వేరే బ్రతుకు కోరలేదు. ఓపిక ఉన్నంతవరకు ఉత్తరాలకు జవాబులు రాసింది. అయితే పొగడ్త కూడా మనిషిని అలసిపోయేలా చేస్తుంది. నాలుగు వేల రాత్రుల మౌనానికి అలవాటుపడిన ఆమెను ఆ సందడి బాగా నలిపింది.

ఇంకో సంగతి చెప్పకపోతే అన్యాయమవుతుంది. పాకలో పడుకున్న ఆ ఏడుగురు జాలరులకు ఆ కీర్తిలో వాటా దాదాపు దక్కలేదు. వారు వెళ్లిన దూరం ఎక్కువ, ఎదుర్కొన్న అపాయమూ తక్కువేమీ కాదు. ఆ బాధ తీరగ్రామాల్లో చాలాకాలం ఉండిపోయింది. ఆలస్యంగా చేరిన ప్రేమ కూడా ప్రేమే. మనుషుల పత్రికలు దాన్ని మరచినా దేవుడు మరువడు.

1842 వసంతంలో గ్రేస్ కొంతకాలం తమ్ముడి దగ్గర ఉండటానికి వెళ్లింది. అతడు అప్పటికి కోకెట్ దీవిలో లైట్‌హౌస్ కాపరి. అక్కడినుంచి వచ్చాక దగ్గు, నీరసం పట్టుకున్నాయి. అది క్షయ. గాలి మార్పు కోసం వూలర్‌కు, తరువాత ఆనిక్‌కు తీసుకెళ్లారు. నార్తంబర్లండ్ ప్రభువు కుటుంబం వైద్యం చేయించింది. ఫలితం లేకపోయింది. పుట్టిన బాంబరోలోనే 1842 అక్టోబరు 20న కన్నుమూసింది. ఆమెకు ఇంకా 27 నిండలేదు. సెయింట్ ఎయిడన్ చర్చి ఆవరణలో సమాధి చేశారు. సముద్రంమీద వెళ్లే ఓడలకు కనిపించాలని 1844లో అక్కడ స్మారకం కట్టారు. తండ్రి విలియం కుమార్తెను మట్టికి అప్పగించిన తరువాత కూడా 1860 వరకు లాంగ్‌స్టోన్‌లో దీపం వెలిగించాడు. 1865లో ఆయనా కన్నుమూశాడు. 1990లో ఆ దీపం యంత్రాలకు అప్పగింపబడింది. ఇప్పుడు అక్కడ కాపరి కుటుంబం లేదు.

గ్రేస్ చివరి సంవత్సరాల్లోనే ఆ తీరంనుంచి మన తీరానికి మరో దీపం వచ్చింది. ఆ ఓడ పగిలిన సమయంలో హెన్రీ వాట్సన్ ఫాక్స్ అనే 20 ఏళ్ల యువకుడు ఆక్స్‌ఫర్డ్‌లో విద్యార్థి. ఆయన పుట్టిన వెస్టో గ్రామం షీల్డ్స్ రేవు పక్కనే ఉంది. 1841లో ఆయన, రాబర్ట్ నోబుల్ గారు కలిసి మచిలీపట్నం వచ్చి తెలుగువారి మధ్య పరిచర్య ప్రారంభించారు. 1843లో నోబుల్ గారు తెరిచిన పాఠశాల తరువాత నోబుల్ కళాశాలగా ఎదిగింది. వారూ వెలుగును దూరంనుంచి పంపలేదు. తామే ఓడెక్కి వచ్చి మన మధ్య ఇల్లు కట్టుకున్నారు.

అపొస్తలుల కార్యముల చివరి అధ్యాయాల్లో పౌలు ఎక్కిన ఓడ పగిలి 276 మంది, కొందరు ఈదుకుంటూ, మిగిలినవారు పలకలమీద, మెలితే దీవికి చేరతారు. ఆ దీవివాసులకు సువార్త తెలియదు. అయినా వర్షంలో, చలిలో వణుకుతున్న పరాయివారికి నిప్పు రాజేసి అందరినీ చేర్చుకున్నారు. పొప్లి అనే ముఖ్యుడు మూడు రోజులు ఇంట్లో పెట్టుకుని ఆతిథ్యమిచ్చాడు. ఎవరని విచారించి, యోగ్యత చూసి తలుపు తీయలేదు. చలి వేస్తున్నదని తీశారు.

ఇది రాస్తున్నప్పుడు మేము ఒక విషయం ఒప్పుకోవాలి. 2024 సెప్టెంబరు ఆరంభంలో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట ప్రాంతాలు మునిగాయి. మా ప్రార్థనా మందిరం కాస్త మెరకలో ఉంది. రెండో రోజు సాయంత్రం నాలుగైదు కుటుంబాలు పిల్లలతో తడిసి ముద్దయి మా గేటు దగ్గరికి వచ్చాయి. మేము పెద్దలతో మాట్లాడాలన్నాం. హాలులో కొత్తగా పరచిన తివాచీ గురించి, వాద్యాల గురించి, ఎవరు బాధ్యత వహిస్తారన్నదాని గురించి అరగంట చర్చించాం. ఆ అరగంటలో చంటిబిడ్డతో ఉన్న ఒక కుటుంబం ఎదురుచూడలేక నీళ్లలోకే వెళ్లిపోయింది. వారు ఎటు వెళ్లారో మళ్లీ తెలియలేదు. తరువాత గేటు తీశాం. ఆ రాత్రి తివాచీ చుట్టి పక్కన పెట్టాం. హాలులో పడుకున్నవారిలో ఒకామె పెద్ద గిన్నెలో అందరికీ ఉప్మా చేసింది. ఒక ఆటో డ్రైవరు మా చెడిపోయిన నీళ్ల మోటారు బాగుచేశాడు. మనం చేర్చుకుంటున్నామనుకున్నవారే మా పడవను ఒడ్డుకు చేర్చారు. విలియం డార్లింగ్ ముందే వేసుకున్న లెక్క మాకు అప్పుడు అర్థమైంది. ఆ అరగంట మాత్రం ఇప్పటికీ మా మనస్సాక్షిని గుచ్చుతూనే ఉంది.

ప్రియులారా, మన సంఘాలు దీపస్తంభాలే. మన గోపురాలమీద సిలువ లైట్లు రాత్రంతా వెలుగుతాయి, మన ప్రసంగాలు మైకుల్లో చాలా దూరం వినబడతాయి. అది మంచిదే. దీపం వెలగాలి. అయితే వెలుగు చూసి కూడా పొరబడేవారుంటారు. ఇంజను ఆగిపోయి, ఎంత ప్రయత్నించినా రాతిమీదికి కొట్టుకువచ్చేవారుంటారు. వారికి మన వెలుగు చాలదు. మన పడవ కావాలి, మన పొయ్యి కావాలి, మన పడకలు కావాలి. ప్రతి రాత్రి నమ్మకంగా దీపం తుడిచిన చేతులే ఆ ఉదయం తెడ్డు పట్టగలిగాయి. తెడ్డు పట్టిన చేతులే ఆ రెండు రాత్రులూ పొయ్యి రాజేశాయి.

ఓడ మునిగాక దీపం ఏం చేస్తుందని అడిగిన ఆ పిల్లవాడికి ఇప్పుడు మేము జవాబు చెప్పగలం. దీపం కింద ఒక ఇల్లు ఉంటుంది నాయనా, ఆ ఇంటికి ఒక తలుపు ఉంటుంది. ఆ తలుపు ఆలస్యం కాకముందే తీసే కృపను ప్రభువు మనకందరికీ దయచేయునుగాక. ఆమేన్.